పోట్స్‌డామ్‌లో ఫ్లాటో టవర్ ఎక్కిన శనివారం, దాని ముందూ వెనకా

గురువారం, ఫ్రాంక్‌ఫర్ట్

అక్క వాళ్లుండేది బెర్లిన్. అక్టోబర్ 3 జర్మనీ ఏకీకరణ దినం, ఈసారి శుక్రవారం పడింది, సోమవారం సెలవు పెట్టేస్తే హాయిగా వెళ్లి రావచ్చు అనుకున్నాను. బావగారికి ఫోన్ చేస్తే ఆయన అప్పటికే ప్లాన్ వేసేసి ఉన్నారు. "పోట్స్‌డామ్‌లో బాబెల్స్‌బెర్గ్ పార్కని ఉందోయ్, అందులో ఫ్లాటో టవర్ ఎక్కుదాం. మే నుంచి అక్టోబర్ దాకా, అదీ శని, ఆదివారాలూ సెలవు రోజుల్లోనే తెరుస్తారు. నువ్వు బయల్దేరే ముందు మీ ఊళ్లో దాని అసలుని ఒకసారి చూసి రా" అన్నారు. మా ఊళ్లో అసలేమిటా అంటే, ఎషెన్‌హైమర్ టవర్. ఫ్రాంక్‌ఫర్ట్ నడిబొడ్డున ఉంటుంది, నేను దాని కిందే రోజూ మెట్రో దిగుతాను.

సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఆగి చూశాను. 15వ శతాబ్దం మొదట్లో ఊరి చుట్టూ ఉన్న కోటగోడకి ద్వారంగా కట్టారు, ఎత్తు 47 మీటర్లు, మధ్యలో పెద్ద శిఖరం, దాని చుట్టూ నాలుగు చిన్న బురుజులు. 19వ శతాబ్దం మొదట్లో గోడలన్నీ పడగొడుతున్నప్పుడు దీన్ని కూడా పడగొట్టాలనుకున్నారు, ఫ్రెంచ్ రాయబారి అడ్డం పడటంతో బతికిపోయింది. ఇప్పుడు కింద ఒక రెస్టారెంట్ నడుస్తోంది. దీని మీద ఒక కథ చెప్తారు. హాన్స్ వింకెల్‌జే అనే దొంగ వేటగాణ్ణి పట్టుకొచ్చి ఇందులో బంధిస్తే, పైన గాలికి తిరిగే రేకు కిర్రుమని తొమ్మిది రాత్రులు నిద్రపోనివ్వలేదట. ఆ రేకు మీద తుపాకీతో తొమ్మిది అంకె కొడతాను, కొడితే వదిలేయండి అని పందెం కట్టి, తొమ్మిది గుళ్లతో సరిగ్గా తొమ్మిది అంకె వచ్చేట్టు కొట్టాట్ట. ఆ చిల్లుల రేకు కోసం మెడ నొప్పెట్టేదాకా చూశాను గానీ చీకటి పడిపోయింది.

శుక్రవారం, బెర్లిన్

పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నానికి బెర్లిన్. నాలుగు గంటల ప్రయాణం. నా దగ్గర నెలనెలా కట్టే డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది గానీ అది ఇలాంటి స్పీడ్ రైళ్లకి పనికిరాదు, వేరే కొనుక్కోవాలి, ఈ సంగతి మనవాళ్లు కొత్తగా వచ్చినప్పుడు తప్పకుండా అడుగుతారు కాబట్టి చెప్తున్నా. సెలవు కావడంతో షాపులన్నీ మూసే ఉన్నాయి. ఇంట్లో పులిహోర, వంకాయ కూర, ఇంక చెప్పేదేముంది. రాత్రి బావగారు మ్యాప్ పరిచారు. మేనకోడలు చిన్ని "మావయ్యా, ఎన్ని మెట్లుంటాయి?" అని ఒకటే గొడవ. అక్క మాత్రం ముందే తేల్చి చెప్పేసింది, "ఒరేయ్, నాకు మోకాళ్లు నొప్పులు, నేను కింద బెంచీ మీద కూర్చుంటా, మీరెక్కి దిగండి" అని.

శనివారం, బాబెల్స్‌బెర్గ్ పార్కు

అక్క వాళ్ల ఇంటి దగ్గర షార్లోటెన్‌బర్గ్ స్టేషన్లో ఎస్7 లోకల్ రైలెక్కితే, మారకుండా నేరుగా బాబెల్స్‌బెర్గ్‌లో దిగొచ్చు. టికెట్ ధరల లెక్కలో బెర్లిన్ చుట్టుపక్కలని ఏ, బీ, సీ జోన్లుగా విడగొట్టారు, పోట్స్‌డామ్ ఊరి హద్దు దాటి సీ జోన్‌లో ఉంటుంది, కాబట్టి విడిగా టికెట్ కొనేవాళ్లు ఏబీసీ టికెట్ తీసుకోవాలి, ఏబీ టికెట్‌తో వెళ్లి చెకింగ్‌లో దొరికిపోయేవాళ్లు చాలామంది.

పోట్స్‌డామ్ అంటే అందరూ సాన్‌సూసీ ప్యాలెస్‌కే పరిగెడతారు. బస్సులు బస్సులుగా జనం, ద్రాక్ష మెట్ల ముందు సెల్ఫీలు. బాగానే ఉంటుంది, కాదనను, కానీ జనం మధ్య నడవలేక నడవలేక చూడటం కంటే బాబెల్స్‌బెర్గ్ పార్కు నాకు పదిరెట్లు నచ్చింది. వారసత్వ సంపదగా యునెస్కో 1990లోనే గుర్తించిన చోటు, అయినా శనివారం పూట కూడా కుక్కల్ని తిప్పేవాళ్లు, జాగింగ్ చేసేవాళ్లు తప్ప పెద్దగా ఎవరూ లేరు. స్టేషన్ నుంచి ఊళ్లోంచి నడుచుకుంటూ పోతే పావుగంటకి పైనే పడుతుంది, ఆ తర్వాత లోపల దారంతా పాములా మెలికలు తిరుగుతూ కొండెక్కుతుంది. బీచ్ చెట్లు అప్పుడే రంగు మారుతున్నాయి.

ఈ మెలికలు ఊరికే వచ్చినవి కావు. 1833లో ఈ కొండ ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యాల్లో ఒకటి) యువరాజు విల్‌హెల్మ్ చేతికొస్తే, ఆయన పీటర్ జోసెఫ్ లెన్నేకి పార్కు పని అప్పజెప్పాడు. లెన్నే అప్పట్లో ప్రష్యాలో తోటలు వేయడంలో పెద్ద పేరు. కానీ కొండ మీద నీళ్లు లేవు, నాటిన మొక్కలు ఎండాకాలానికి ఎండిపోయేవి, యువరాజుకీ లెన్నేకీ పడలేదు. 1840ల్లో ఆ పని ప్యూక్లర్ అనే ఇంకో దొర చేతికి వెళ్లింది. ఆ మనిషి తోటల పిచ్చితో తన ఆస్తినే కరిగించుకున్నాడు. చెట్ల మధ్య సందులు వదిలి, నువ్వు ఒక మలుపు తిరగ్గానే దూరంగా నీళ్లు, ఇంకో మలుపుకి ఒక గోపురం కనిపించేలా అమర్చింది ఈయనే. నీళ్లకి మాత్రం యంత్రం పెట్టాల్సొచ్చింది. హాఫెల్ నది ఒడ్డున 1843-45లో ఆవిరి యంత్రం ఇల్లు కట్టారు, కట్టింది లుడ్విగ్ పెర్సియుస్, బయటికి అది చిన్న కోటలా ఉంటుంది, పొగగొట్టం కూడా బురుజు వేషంలోనే. ఈ ఊళ్లో రాజులకి ఇదో సరదా, సాన్‌సూసీ ఫౌంటెన్లకి నీళ్లు తోడే పంపుహౌసుని ఏకంగా మసీదు ఆకారంలో కట్టించారు, పొగగొట్టం మినార్ అన్నమాట.

చెట్లు తెరుచుకోగానే టవర్ ఎదురుగా వచ్చేసింది. నిన్నగాక మొన్న ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూసిన దానికి తమ్ముడే! గుండ్రటి ఒళ్లు, పైన అంచు చుట్టూ వరండా, నాలుగు చిన్న బురుజులు, మధ్యలో కోసుగా కప్పు. తేడా ఏంటంటే అక్కడ రాయి, సున్నం, ఇక్కడ లేత పసుపు ఇటుక, గీత గీసినట్టు వరసలు. ఎత్తు 46 మీటర్లు, అసలు కంటే ఒక్క మీటరు తక్కువ. యోహాన్ హైన్‌రిష్ ష్ట్రాక్ అనే ఆయన నమూనా గీస్తే 1853 నుంచి 1856 దాకా కట్టారు. విల్‌హెల్మ్‌కి పశ్చిమ ప్రష్యాలో ఫ్లాటో అని ఒక ఎస్టేట్ ఉండేది, ఇప్పుడది పోలెండ్‌లో ఉంది, ఆ పేరే పెట్టారు, ఇటుకలు కూడా అక్కణ్ణుంచే తెప్పించారని చెప్తారు. చుట్టూ కందకంలా నీళ్లున్నాయి. చూసి నేను కోట వేషం కోసమే అనుకున్నా, బావగారు నవ్వి "ఇది పార్కుకి ఓవర్‌హెడ్ ట్యాంకోయ్" అన్నారు. నిజమే, కింద యంత్రం తోడిన నీళ్లు ఇక్కడికొచ్చి నిలబడి, ఇక్కణ్ణుంచి వాలుకి పార్కంతా పారేవి. కొండ మీద ఎత్తైన చోటు మరి. ట్యాంకుని కూడా కందకంలా కట్టుకున్నవాణ్ణి ఏమనాలి.

అక్క బెంచీ మీద కూర్చుని ఫ్లాస్కు తీసింది. మేం ముగ్గురం లోపలికి వెళ్లాం. టికెట్ కొద్ది యూరోలే. ఈ టవర్ ఉత్త చూపుల కోసమే కాదు, లోపల విల్‌హెల్మ్‌కీ, వచ్చిన అతిథులకీ గదులు కూడా ఉండేవి. మెట్లు ఇరుగ్గా చుట్టుకుంటూ పోతాయి, పై నుంచి ఎవరైనా దిగుతుంటే గోడకి అతుక్కుని నిలబడాలి. చిన్ని ముందు పరుగెత్తింది, సగానికొచ్చేసరికి లెక్క తప్పింది, మళ్లీ కిందికి వెళ్లి మొదలెడతానంటే బావగారు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చారు. నాకు మెట్లలో బాగా నచ్చింది గోడ. గాలి కోసం వదిలిన సన్న కిటికీ దగ్గర లోతు చూస్తే తెలుస్తుంది ఎంత మందమో, నా మోచెయ్యి పూర్తిగా లోపలికి పోయినా వేళ్లు అవతలి అంచుకి అందలేదు. అలాంటి గోడ ఫిరంగి గుండుని ఆపడానికి కడతారు. ఇక్కడ ఏ గుండూ వచ్చే అవకాశమే లేదు.

లేదు అన్నానా, కానీ విల్‌హెల్మ్‌కి గుండ్లతో పాత సంబంధం ఉంది. 1848 మార్చిలో బెర్లిన్‌లో జనం తిరగబడ్డప్పుడు, జనం మీద ఫిరంగులు పెట్టమన్నది ఇతనే అని ఊరంతా నమ్మింది. కార్టెషెన్‌ప్రిన్స్ అని పేరు పెట్టారు, ఫిరంగిలో చిన్న గుండ్లు గుప్పిపోసి పేల్చే మందుగుండు పేరు అది. కోపం ఎంత అంటే అన్న రాజుగా ఉన్నా తమ్ముడు ఊళ్లో ఉండలేక, ముందు హాఫెల్ నదిలో ఒక దీవిలో దాక్కుని, తర్వాత లండన్ పారిపోవాల్సొచ్చింది. కొన్ని నెలలకి తిరిగొచ్చాడు, 1849లో బాడెన్ ప్రాంతంలో తిరుగుబాటుని సైన్యం పెట్టి తొక్కేశాడు. ఆ తర్వాత నాలుగేళ్లకే ఈ టవర్ పని మొదలైంది. ఇదంతా బావగారు మెట్ల మీద ఆయాసపడుతూ చెప్పారు, మధ్యలో రెండుసార్లు ఆగారు, అది చరిత్ర కోసమా ఊపిరి కోసమా నేనడగలేదు.

పైకెక్కి వరండాలోకి వచ్చాక మాటల్లేవు. కైలాసగిరి మీద నిలబడితే ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం కనిపించినట్టు ఇక్కడ ఏ పక్క తిరిగినా అడవి, దాన్ని కోస్తూ నీళ్లు. కాళ్ల కింద పార్కు, దాని అంచున టీఫర్‌జే అనే సరస్సు, అవతలి ఒడ్డున ఎర్ర చిప్పల్లా ఒకదాని మీద ఒకటి పేర్చిన కప్పు, అది హాన్స్ ఒట్టో థియేటర్, 2006లో తెరిచారు. దాని వెనక నికోలాయ్ చర్చి ఆకుపచ్చ గుమ్మటం, అది ప్రష్యాలో పేరున్న వాస్తుశిల్పి షింకెల్ గీసిందే. మధ్యమధ్యలో తూర్పు జర్మనీ కాలంనాటి ప్రీకాస్ట్ అపార్ట్‌మెంట్లు, రాజుల దృశ్యాన్ని చెడగొట్టాయని గైడ్లు అంటారుగానీ అందులో జనం ఉంటున్నారు, నాకేం తప్పనిపించలేదు. ఉత్తరంగా చూస్తే నీళ్లు ఇరుకైన చోట ఒక ఇనుప వంతెన. చిన్ని బైనాక్యులర్ తీసుకుని "నాన్నా, అది గూఢచారుల బ్రిడ్జియే కదా?" అంది. అదే, గ్లీనికె వంతెన, అక్కడికి మర్నాడు వెళ్లాలని ప్లాన్.

విల్‌హెల్మ్ ఇక్కడ నిలబడి తన భూమిని చూసుకునేవాడు. 1861లో రాజయ్యాడు, మరుసటేడు సైన్యం ఖర్చు గురించి పార్లమెంటుతో పడక, సింహాసనం వదిలేస్తానని కాగితం రాసి పెట్టుకున్నాడు. 1862 సెప్టెంబర్ 22న ఈ పార్కులోనే, కింద ఉన్న విల్‌హెల్మ్ ప్యాలెస్‌లో, బిస్మార్క్ వచ్చి కలిశాడు. ఇద్దరూ పార్కులో నడుస్తూ మాట్లాడుకున్నారు. రాజీనామా కాగితం పక్కకి పోయింది, బిస్మార్క్ ప్రధానమంత్రి అయ్యాడు, తొమ్మిదేళ్లలో మూడు యుద్ధాలు, ఆఖర్న 1871లో విల్‌హెల్మ్ జర్మనీ చక్రవర్తి. ఆ నడక ఏ దారిలో సాగిందో గాని, ఈ టవర్ అప్పటికే ఆరేళ్లుగా ఇక్కడే నిలబడి ఉంది.

కిందికి దిగేసరికి అక్క ఇద్దరు జర్మన్ ముసలమ్మలతో మాటలు కలిపి వాళ్లకి చేగోడీలు పెట్టేసింది. అందరం కలిసి నడుచుకుంటూ గెరిష్ట్స్‌లౌబె దగ్గరికి వెళ్లాం. ఇది బెర్లిన్ పాత టౌన్‌హాల్‌లో న్యాయం చెప్పే మండపం, 13వ శతాబ్దంది. కొత్త టౌన్‌హాల్ కట్టాక అడ్డంగా ఉందని విప్పేసి, చక్రవర్తికి బహుమతిగా ఇస్తే, 1871-72లో రాళ్లు తెచ్చి ఈ గుట్ట మీద మళ్లీ పేర్చారు. నేరస్తుల్ని నిలబెట్టిన చోటు ఇప్పుడు వాన వస్తే నిలబడే చోటు.

తర్వాత ఒడ్డుకి దిగాం. ఇక్కడ ప్యూక్లర్ వేసిన దారుల్లో కొన్ని మరీ కొత్తగా ఉన్నట్టనిపిస్తాయి, కారణం 1961. ఆగస్టు 13న బెర్లిన్‌లో సరిహద్దు మూశాక, పార్కులో ఒడ్డు పొడవునా గోడ, కాపలా దారి వచ్చాయి, నీళ్లకి అవతల పశ్చిమ బెర్లిన్ కాబట్టి. చెట్లు కొట్టేశారు, దారులు తవ్వేశారు, 1990 తర్వాత మళ్లీ ఒక్కొక్కటీ వేసుకుంటూ వచ్చారు. ఒడ్డున ఒక చిన్న వంతెన దాటితే క్లైన్ గ్లీనికె అనే పేట, అది మూడు వైపులా పశ్చిమ బెర్లిన్‌లోకి చొచ్చుకుపోయిన తూర్పు జర్మనీ ముక్క. అక్కడుండే వాళ్లకి ఇంటికి వెళ్లాలన్నా వేరే పాసు, చుట్టాలు రావాలంటే అనుమతి. ఇప్పుడు వీధిలో గులాబీ మొక్కలు, ఐస్‌క్రీం. చిన్ని రెండు కోన్లు తింది.

సాయంత్రం స్టేషన్‌కి నడుస్తుంటే బావగారు ఉన్నట్టుండి, "మన వైజాగ్ అమ్మాయి ఇక్కడ పని నేర్చుకుందని తెలుసా?" అన్నారు. పాత హిందీ సినిమాల హీరోయిన్ దేవికారాణి. 1908లో వాల్తేరులో పుట్టింది, 1920ల చివర్లో హిమాంశు రాయ్‌తో కలిసి ఈ బాబెల్స్‌బెర్గ్‌లోనే ఊఫా స్టూడియోలో సినిమా పని నేర్చుకుని, తిరిగొచ్చి 1934లో ఇద్దరూ కలిసి బాంబే టాకీస్ పెట్టారు. 1912 నుంచి ఈ పేటలో సినిమాలు తీస్తూనే ఉన్నారు. మేం నలుగురం వైజాగ్ వాళ్లమే, ఈ సంగతి బెర్లిన్ వచ్చాకే తెలియడం అక్కకి కొంచెం ఉక్రోషం.

ఆదివారం, వంతెన, ఫింగ్స్ట్‌బెర్గ్

గ్లీనికె వంతెన ఒక చివర నుంచి ఇంకో చివరకి నడిచాం. మధ్యలో పెయింటు రంగు మారుతుంది, రెండూ ఆకుపచ్చే గానీ వేరు వేరు ఆకుపచ్చలు, సరిహద్దు ఆ గీత మీదే ఉండేది. 1962 ఫిబ్రవరి 10న అమెరికన్ పైలట్ పవర్స్‌నీ సోవియట్ గూఢచారి ఏబెల్‌నీ ఇక్కడే మార్చుకున్నారు, 1986 ఫిబ్రవరి 11న సోవియట్ ప్రభుత్వాన్ని ఎదిరించి జైలుపాలైన షరన్‌స్కీ కూడా ఈ గీత దాటే బయటికొచ్చాడు. యుద్ధంలో కూలిన దాన్ని 1949లో బాగుచేసి తూర్పు వాళ్లు ఐక్యతా వంతెన అని పేరు పెట్టారట, పెట్టి తర్వాత మామూలు జనాన్ని దాని మీద అడుగు పెట్టనివ్వలేదు.

మధ్యాహ్నం ఫింగ్స్ట్‌బెర్గ్. విల్‌హెల్మ్ అన్న ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ 4 కట్టించిన బెల్వెడెర్, 1847లో మొదలై 1863 దాకా సాగింది, అయినా గీసినంతా కట్టలేదు. జంట బురుజులు, మధ్యలో నీళ్లు, స్తంభాల వరండా, పూర్తిగా ఇటలీ వేషం. అందం అడిగితే ఫ్లాటో కంటే ఇదే గొప్ప. పెళ్లి ఫొటోలకి మూడు జంటలు వచ్చున్నాయి. కానీ నాకు ఇది కొంచెం ఎక్కువైనట్టు అనిపించింది, చూడ్డానికి కట్టింది కాక చూడబడ్డానికి కట్టినట్టు. కథ మాత్రం బావుంది. 1945 తర్వాత కొండ కింది పేటంతా సోవియట్ గూఢచార విభాగం తీసుకుంది, పైన బెల్వెడెర్ పాడుబడింది. గోడ కట్టాక ఇంకా పాడుబడింది, ఎందుకంటే పైకెక్కితే పశ్చిమ బెర్లిన్ కనిపిస్తుంది, కనిపించకూడదు. 1988లో ఊళ్లో కుర్రాళ్లు కొందరు కొండ మీద చెత్త ఎత్తి, పొదలు కొట్టడం మొదలెట్టారు, అలా మొదలై చివరికి చందాలతో మొత్తం నిలబడింది. అక్క ఇక్కడ కూడా కిందే.

సోమవారం, టెలిగ్రాఫ్ కొండ

చిన్నికి స్కూలు సెలవు, నా రైలు సాయంత్రం. పోట్స్‌డామ్ స్టేషన్ వెనకే టెలిగ్రాఫెన్‌బెర్గ్, ఇప్పుడు ఐన్‌స్టైన్ పేరుతో సైన్స్ పార్కు, పరిశోధన సంస్థలు. 1830ల్లో బెర్లిన్ నుంచి కోబ్లెంజ్ దాకా కొండకొండకీ స్తంభం పెట్టి, ఆరు చేతులు తిప్పుతూ సైగలతో ప్రభుత్వ వార్తలు పంపేవారు, ఇది నాలుగో స్టేషన్. ఒకడు దూరదర్శినిలో పక్క కొండని చూడటం, ఇంకోడు చేతులు తిప్పడం, పొగమంచు పడితే వార్తకి సెలవు. 1849కి కరెంటు తంతి వచ్చి ఇవన్నీ పోయాయి. స్తంభం నమూనా ఒకటి నిలబెట్టారు.

చెట్ల మధ్యలో ఐన్‌స్టైన్ టవర్. ఎరిష్ మెండెల్‌సోన్ కట్టిన సూర్య వేధశాల, 1920ల మొదట్లో కట్టి 1924లో పని మొదలెట్టారు. ఐన్‌స్టైన్ సిద్ధాంతం ప్రకారం సూర్యుడి ఆకర్షణ వల్ల వెలుగు కొంచెం ఎరుపు వైపు జరగాలి, అది పట్టుకోవడానికే ఇది. పై గుమ్మటంలో పడ్డ వెలుగు నిట్టనిలువుగా కిందికి దిగి నేలకింద పరికరాల్లోకి పోతుంది. మొత్తం కాంక్రీటుతో పోత పోసినట్టుంటుంది గానీ చాలా భాగం ఇటుకే, పైన పూత. అంచు అన్నది లేదు, కిటికీ మూలలు కూడా చేత్తో నిమిరినట్టున్నాయి. ఇక్కడికి కొన్ని అడుగుల దూరంలోనే పాత ఖగోళ సంస్థ భవనం, 1881లో ఆల్బర్ట్ మైకెల్సన్ బెర్లిన్‌లో గుర్రపు బళ్ల కుదుపులకి పరికరం నిలవడం లేదని ఇక్కడికొచ్చి నేలమాళిగలో కాంతి వేగం ప్రయోగం చేశాడు. భూమి కదిలే దిశని బట్టి కాంతి వేగంలో దొరుకుతుందనుకున్న తేడా దొరకలేదు, ఫిజిక్స్ తలకిందులవడానికి అదో మొదలు.

టవర్ ఎక్కనివ్వరు, లోపల ఇప్పటికీ పనిచేస్తారు. చిన్ని మొహం ముడుచుకుంది. అక్క మాత్రం చాలా సంతోషంగా ఉంది, ఒక్క టవర్ దగ్గరైనా అందరం కిందే ఉన్నాం కదా అని.

స్టేషన్‌కి దిగుతూ ఈసారి ఏం చూడాలన్న మాట వచ్చింది. 2024లో తెరిచిన గార్నిసన్ చర్చి టవర్ ఉంది, 57 మీటర్ల ఎత్తున వరండా. 1933లో హిట్లర్, అప్పటి జర్మనీ అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ చేతులు కలిపిన ఆ చర్చి 1945లో బాంబులకి కాలిపోతే, 1968లో మిగిలింది కూడా పేల్చేశారు, మళ్లీ కట్టాలా వద్దా అని ఊళ్లో ఇప్పటికీ తగాదా. బావగారు "ఆ చర్చి మళ్లీ కట్టడమే తప్పు, నేను రాను" అన్నారు. అక్క "అక్కడ లిఫ్టుందటరా, మనిద్దరం, చిన్నీ వెళ్దాం, మీ బావని కింద బెంచీ మీద కూర్చోబెడదాం" అంది.